బండి ఆగినా ఆగని అదురు

భద్రాచలం బస్టాండులో ఇంజను ఆపి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకొని, గోదావరి ఒడ్డున రాతిమెట్ల మీద కూర్చున్న బసవపున్నయ్యకు ఆనాడు మొదటిసారిగా ఒక అనుమానం కలిగింది: బండిని తాను నిజంగా ఆపాడా, లేదా?

పాదాలు నీటిలో ఉన్నాయి. వేసవికి చిక్కిపోయిన నది అవతలి ఇసుకను పెద్దది చేసి చూపుతున్నది. చుట్టూ చప్పుడు లేదు. కాని అతని ఒంట్లో, పొత్తికడుపుకు దిగువన, కూర్చున్న చోటికి కాస్త పైన, వేలుపెట్టి ఎవరికీ చూపలేని చోట, ఇంజను ఇంకా నడుస్తూనే ఉన్నది. సన్నగా, మెత్తగా, నాలుగుసార్లు కొట్టుకొని, ఒక్క క్షణం ఊరుకొని, మళ్లీ నాలుగుసార్లు. నొప్పి కాదు, మంట కాదు. నీటిలో చిట్టిచేపలు అతని మడమలను పొడుస్తున్నాయి. అటువంటి చేపే ఒకటి దారి తప్పి లోపల తిరుగుతున్నట్లు తోచింది. తన దేహం తనది కానట్లు, ఎవరిదో నిద్రలోకి తాను నడిచి వచ్చినట్లు, చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

అది పందొమ్మిది వందల ఎనభై మూడవ సంవత్సరం, మే నెల. అతనికి అప్పటికి నలభై రెండేళ్లు. బోనకల్ దగ్గరి పల్లెలో పుట్టి, సేద్యం అన్నకు వదిలి, మొదట లారీ క్లీనరుగా, పిమ్మట లారీ డ్రైవరుగా తిరిగి, చివరకు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సుకు డ్రైవరుగా కుదురుకున్నవాడు. ఖమ్మంలో కిరాయి ఇల్లు, భార్య సుబ్బరత్నం, ఇద్దరు ఆడపిల్లలు. తెల్లవారుతూనే బయలుదేరే ఆ బస్సుకు సంఖ్య ఏదో ఉండేది కాని దానిని ఎవరూ వాడలేదు. ‘పున్నయ్య బండి’ అనేవారు.

అప్పుడు ఆ దారి తెలిసినవారు ఇప్పుడు దానిని గుర్తుపట్టలేరు. ఖమ్మం దాటిన తరువాత చాలాసేపు పొలాలే. మిరప, పత్తి, జొన్న. ఏన్కూరు, జూలూరుపాడు దాటుతుండగా చెట్లు ఒక్కొక్కటే రోడ్డుకు దగ్గరగా జరుగుతాయి, ఏదో రహస్యం చెప్పడానికన్నట్లు. కొత్తగూడెం బొగ్గుపొడి, పాల్వంచ పొగగొట్టాలు కళ్లకు ఒక మెలకువ తెచ్చిపోయాక, అసలైన టేకు అడవి మొదలవుతుంది. వేసవిలో రోడ్డుపక్క బీడీలు చుట్టే తునికాకు కల్లాలు. యాభై ఆకుల కట్టలు వరుసలు వరుసలుగా ఎండుతూ, నేలకు ఎవరో చాప పరచినట్లుంటుంది. ఆ వాసన బస్సులోకి వచ్చిందంటే నిద్రపోతున్నవారు కూడా కళ్లు తెరవకుండానే “అడవిలకొచ్చినం” అనేవారు.

ఆ దారి మీద బసవపున్నయ్యకు ఒక కీర్తి ఉండేది. ఖమ్మంలో సీటెక్కిన మనిషి భద్రాచలంలోనే దిగుతాడు. నాలుగున్నర గంటలు. జనాన్ని ఎక్కించుకోవడానికి, దింపడానికి బండి ఎన్నిచోట్ల ఒక్క నిమిషం ఆగినా అతను మాత్రం సీటు విడువడు. కొత్తగూడెంలో టీ గ్లాసు కిటికీ దగ్గరికే వస్తుంది. మూత్రానికని దిగడం ఎవరూ చూడలేదు. పెళ్లివారు, సంతవారు, కొత్త ఉద్యోగాలకు పోయే పంతుళ్లు, అందరూ ఆ మాట చెప్పుకొని మురిసేవారు. కండక్టరు గోప్యా కారేపల్లి పక్క తండావాడు, ముప్పై దాటనివాడు, నోటికి తాళం లేనివాడు. ఎవరైనా కొత్తవారు ఎక్కితే వారికి టికెట్టు కంటె ముందు ఈ కథ చింపి ఇచ్చేవాడు: “గాయన మనిషి కాదే, రాయి. రాయికి దాహముంటదా, ఇంకోటుంటదా?”

రాయి కావడం వెనుక ఒక చిన్న గాయం ఉన్నది. పదకొండేళ్ల కిందట, ఈ దారికి వచ్చిన మొదటి నెలలో, అతను అందరిలాగే అడవిలో బండి ఆపి ఒక చెట్టు చాటుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి వెనుక సీట్ల నుంచి ఒక ముసలాయన గొంతు వినిపించింది: “డ్రైవరుకే ఆగకపోతే బండికేం ఆగుతదిరా!” బస్సంతా ఘొల్లుమన్నది. అందులో ద్వేషం లేదు, ప్రయాణం విసుగు తప్ప. కాని కొందరికి నవ్వు ముల్లు వలె దిగుతుంది. ఆ మరునాటి నుంచి బసవపున్నయ్య తెల్లవారి నీళ్లు మానేశాడు. బిగబట్టడం అలవాటైంది; అలవాటు పట్టుదలైంది; పట్టుదల పేరైంది. మనిషికి పేరు వచ్చాక దానిని దించుకోవడం మూట దించుకున్నంత తేలిక కాదు.

గోదావరి ఒడ్డున మొదలైన ఆ అదురు రోజూ రాసాగింది. స్టీరింగు పట్టుకున్నప్పుడు తెలియదు. బండి కుదుపులో కలిసిపోతుంది. ఇంటికి వచ్చి పీట మీద కూర్చుంటే మొదలు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే లోపల ఇంజను అందుకునేది. కళ్లు మూస్తే టేకుచెట్లు అతని నడుము గుండా వెనక్కు పోతున్నట్లుండేది. భయం లేకుంటే అదొక కలలాంటి అనుభవమే. కాని భయం ఉన్నది. జులైలో డ్రైవర్లందరికీ ఏటేటా జరిగే ఒంటి పరీక్ష వస్తున్నది. కిందటేడు చేయి వణుకుతున్నదని తనతోటి డ్రైవరు ఒకరిని స్టీరింగు నుంచి తప్పించి, డిపో గేటు దగ్గర పుస్తకం ముందు కూర్చోబెట్టారు. ఆ మనిషి ఇప్పుడు పోయే బండ్ల నంబర్లు రాసుకుంటూ, బండి మలుపు తిరిగేదాకా దానినే చూస్తూ ఉంటాడు. తన చోటూ ఆ బల్ల ముందేనా?

తెలుగులో ఇటువంటి చిన్న కదలికలకు మాటల కొరత లేదు. చేయి వణుకుతుంది, పెదవి అదురుతుంది, కన్ను కొట్టుకుంటుంది, గుండె దడదడలాడుతుంది, ఈగ వాలితే లేగదూడ ఒళ్లు జలదరిస్తుంది. ఇన్ని క్రియలు చేతికిచ్చిన భాష, ఈ ఒక్క సంగతికి వచ్చేసరికి కర్త పేరు నోట పలకనీయదు. ఏది అదురుతున్నదని చెప్పాలి? ఎవరితో చెప్పాలి? కన్ను అదిరితే పదిమందిలో చెప్పుకొని నవ్వవచ్చు. మర్యాదగా పెరిగిన మనిషికి నడుముకు దిగువన ఒక మూగ రాజ్యం ఉంటుంది. అక్కడ ఏమి జరిగినా ఫిర్యాదు బయటికి రాదు.

కనుక బసవపున్నయ్య మనుషులను వదిలి కాగితాన్ని అడిగాడు. గోడమేకుకు వేలాడుతున్న పంచాంగం చివరి పుటల్లో, బల్లి మీద పడితే కలిగే ఫలాల పక్కనే, అంగాలు అదిరితే కలిగే ఫలాలు ఉన్నాయి. పురుషులకు కుడివైపు శుభం, ఎడమవైపు అశుభం. అతను కళ్లు మూసుకొని తన అదురు ఏ పక్కదో పట్టుకోవడానికి శ్రద్ధగా ప్రయత్నించాడు. కుడి కాదు. ఎడమా కాదు. సరిగ్గా నడిమధ్య. పుస్తకం అక్కడ మౌనం వహించింది. తరువాత బస్టాండు గోడల మీద ఎర్రరంగుతో రాసిన ‘నరాల బలహీనత’ ప్రకటనలను, పదకొండేళ్లుగా చూడకుండా చూస్తున్నవాటిని, మొదటిసారి ఆగి చదివాడు. చదివి, ఎవరైనా చూశారేమోనని పక్కనున్న సినిమా పోస్టరును కూడా అంతే శ్రద్ధగా చదివాడు.

చివరికి అతనికి తోచిన వైద్యం చిన్ననాటిది. కుస్తీలు పట్టిన మేనమామ చెప్పేవాడు: “లంగోటా బిగిస్తే నరం జారదురా అల్లుడా.” బసవపున్నయ్య గజం ముతకగుడ్డ కొని, చాటుగా చింపి, ప్యాంటు లోపల ఊపిరాడనంత గట్టిగా బిగించి బండెక్కసాగాడు. బిగించినకొద్దీ అదురు పెరిగింది. పెరిగినకొద్దీ ఇంకా బిగించాడు.

సుబ్బరత్నం ఆ గుడ్డను దండెం మీద చూసింది. తువ్వాలు కింద దాచి ఆరవేసిన దాచుడే ఆమెకు దారి చూపింది.

“ఏందయ్యా ఇది?”

“గుడ్డ.”

“గుడ్డని నాకూ కనపడ్తంది. నలభై రెండేండ్లకి కుస్తీలు మొదలుపెట్టినవా? ఎవరితోటి పడ్తన్నవు?”

అతను తువ్వాలును మళ్లీ గుడ్డ మీదికి లాగాడు. ఆమె పీట లాక్కొని ఎదురుగా కూర్చున్నది.

“నెల నుంచి చూస్తన్నా. కూసుంటే లేస్తవు, లేస్తే కూసుంటవు. మంచం వసారాలకి మార్చినవు. చిన్నదానికి జడ వేస్తావుంటే అడిగింది, నాయనకి మనమీద కోపమా అని. భద్రాచలంలో ఎవర్నన్నా పెట్టుకున్నవా? ఉంటే చెప్పు, ఏడ్చి ఊరుకుంటా. ఇట్ల మాత్రం నావల్ల కాదు.”

“ఛ! నాలుగున్నర గంటలు బండి తోలి పోయినోడికి అక్కడ ఎవర్ని పెట్టుకునే ఓపికుంటదే?”

“మరేంది?”

బసవపున్నయ్య దండెం వైపు చూశాడు, నేల వైపు చూశాడు. ఆ తరువాత చెప్పాడు, ఇంజను సంగతి, చేప సంగతి, డిపో గేటు దగ్గరి బల్ల సంగతి. చెబుతున్నంతసేపూ ఆమె నవ్వుతుందేమోనని భయపడ్డాడు. ఆమె నవ్వలేదు. అంతా విని, కొంగుతో మొగం తుడుచుకొని అన్నది: “పెద్దదాని కాన్పయినాక నాకూ ఉండెలే అక్కడ అదురు, మూడు నెలలు. నీళ్లు మోస్తే ఎక్కువయ్యేది.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వు చెప్పినవా?”

ఇరవై ఏళ్ల కాపురంలో ఒకరికొకరు చెప్పుకోని ఆ చిన్న మూల దగ్గరికి ఇద్దరూ ఆనాడే మొదటిసారి వచ్చారు.

మరునాడు సెలవు. ఆమె అతనిని డాక్టరు వెంకటరామారావు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పటాలంలో పనిచేసి వచ్చిన పెద్దాయన. మాట గరుకు, చేయి మెత్తన. వసారాలో ఒక నులకమంచం, దానిమీద దుప్పటి, అదే పరీక్షబల్ల. వీపు ఎముకలను ఒక్కొక్కటే నొక్కి చూశాడు. కాళ్లు ఎత్తించాడు. పొత్తికడుపు తడిమాడు. ఆ రోజుల్లో చేసే మరికొన్ని, చెప్పుకోవడానికి బిడియపడే పరీక్షలు కూడా చేశాడు. గాజుగొట్టంలో మూత్రం పోసి స్పిరిటు దీపం మీద కాచి వెలుతురుకు ఎత్తి చూశాడు. చూస్తూనే అడిగాడు:

“మంట ఉన్నదా? జ్వరం? రక్తం గిట్ల?”

“లేదండి.”

“కాళ్లు తిమ్మిరెక్కి మడమ దాకా లాగుడు? కూర్చున్న చోట స్పర్శ పోవుడు? తెలియకుండా మూత్రం పడుడు?”

“లేదండి.”

“నీళ్లు ఎన్ని తాగుతవు?”

“భద్రాచలం చేరినంక ఒక చెంబు.”

“మూత్రానికి?”

“పొద్దున ఒకపాలి. మళ్ల భద్రాచలంలో.”

“దానికే ఊరంతా మెచ్చుకుంటదండి ఈయన్ని,” అన్నది సుబ్బరత్నం తలుపు దగ్గరి నుంచి.

డాక్టరు గాజుగొట్టం కింద పెట్టాడు. “లేచి ఈ మంచం చూడు. నడుమెముక ఒక గిన్నె లాంటిది. అడుగు లేని గిన్నె. ఆ అడుగున కండరాలు ఇగో ఈ నులక లెక్క అల్లుకొని ఉంటయి. మూత్రపు తిత్తినీ పేగునీ అవే మోస్తయి, అవే మూస్తయి, అవే వదులుతయి. నువ్వేం చేసినవు? నాలుగున్నర గంటలు వాటిని పిడికిలి పట్టినట్లు పట్టినవు. కింద నుంచి ఇంజనుతోటి కుదిపినవు. నీళ్లు లేకుండ ఎండబెట్టినవు. పైన టీ పోసినవు. నెల నుంచి దిగులుపడి నిద్ర మానినవు. ఇన్నీ చాలక లంగోటా! పిడికిలి పదకొండేండ్లు పట్టి చూడు, వేళ్లు వణకవా? అలసిన కండ తనంతట తనే కొట్టుకుంటది. కన్ను కొట్టుకునుడు ఏందో ఇదీ అదే.”

“వేరే జబ్బు కాదుగదండి?”

“కావడానికి చాలా కారణాలుంటయి. మూత్రంలో చీముండొచ్చు, రాయుండొచ్చు. వెన్నుపూస దగ్గర నరం నలగొచ్చు. మగవాళ్లకు వయసు మీద ఒక గ్రంథి ఉబ్బుతది. అన్నీ చూసిన. ఇయ్యాల నాకు కనపడ్డంతలో అవేవీ లేవు. కాళ్లు మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, ఆగకున్నా, ఆ పూటే రావాలె. తెల్లారిందాక ఆగొద్దు.”

బసవపున్నయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ అసలు మాట అడిగాడు. “పరీక్షలో నా స్టీరింగు పోతదా?”

“అదురుకు పోదు. గిట్లనే బిగబట్టితే మాత్రం ఇయ్యాల అదిరింది రేపు నొస్తది, ఎల్లుండి కూసోనియ్యదు. అప్పుడు పోతది. నీకు సీటు కావాలంటే సీటు దిగాలె. రెండు గంటలకోసారి. నీళ్లు తాగాలె. రాత్రి గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో కూసొని కడుపు నిండ ఊపిరి పీల్చి వదులు. బిగించకు, వదులు. ఆ గుడ్డ పారేయి.”

సీటు కావాలంటే సీటు దిగాలి. వినడానికి ఎంత సులువు! మరునాడు బసవపున్నయ్య తెల్లవారి చెంబెడు నీళ్లు తాగి బండెక్కాడు. కొత్తగూడెంలో దిగబోయి, కిటికీ దగ్గరికి వచ్చిన టీ గ్లాసును, దానిని అందించేవాడి కళ్లలోని గౌరవాన్ని చూసి, దిగలేకపోయాడు. ఆ రోజు మిగిలిన దారి అతనికి నరకం. రెండో రోజు మళ్లీ నీళ్లు మానేశాడు. మూడో రోజు సుబ్బరత్నం చెంబు పట్టుకొని గుమ్మంలో నిలుచున్నది. “తాగు. ఊరి మెప్పు కావాలా, బండి కావాలా, తాగినంక ఆలోచించుకో.”

అతను తాగి బండెక్కాడు. జూన్ నడిమి రోజులు. మృగశిర కార్తె మొదటివాన రాత్రి కురిసి వెళ్లింది. టేకు కొత్త ఆకులు తడిసి, ఒక్కొక్కటి చేటంత, రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. పాల్వంచ దాటాక అడవిలోని స్టేజీ దగ్గర ముత్తక్క ఎక్కింది. సంతరోజున చీపురుకట్టలు నెత్తిన పెట్టుకొని ఎక్కే ముసలామె. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చోవడం ఆమె హక్కు. పదేళ్లుగా ఆమె ఆ చోటులోనే కూర్చుంటున్నది, బసవపున్నయ్య ఆమెతో పదిమాటలు మాట్లాడి ఉండడు.

నాలుగు మలుపులు తిరిగాక ఒక వాగు వంతెన వచ్చింది. కొత్తనీరు ఎర్రగా, తొందర లేకుండా పోతున్నది. లోపల అదురు మొదలయింది, ఈసారి కుదుపుకు అందకుండా, విడిగా, తలుపు తట్టినట్లు. బసవపున్నయ్య కాలు తనకు తెలియకుండానే బ్రేకు మీదికి పోయింది. వంతెన దాటి బండి పక్కకు తీశాడు. ఇంజను ఆపాడు.

నిశ్శబ్దం బస్సంతా నిండింది. వాగు చప్పుడు కిటికీలన్నిటిలో నుంచి ఒకేసారి లోపలికి వచ్చింది.

“ఏందన్నా, టైరా?” గోప్యా వెనుక నుంచి అరిచాడు.

“కాదు.”

“రేడియేటరా?”

“కాదురా. నేనే.”

గోప్యా టికెట్ల సంచితో పరుగెత్తుకొని వచ్చాడు. “నువ్వా! దిగుతున్నవా? అన్నా, నా ఇజ్జత్ ఏంగావాలె? ఇప్పుడే ఆ పంతులుగారికి రాయి కథ చెప్పి వచ్చిన!”

“రాయి కరిగిందని చెప్పు,” అన్నాడు బసవపున్నయ్య, తలుపు పిడి మీద చేయి వేసి. వెనుక నుంచి రాబోయే నవ్వు కోసం వీపు బిగించుకున్నాడు. అది పదకొండేళ్ల కిందటి నవ్వు. ఇన్నాళ్లూ అది ఆ సీట్లలోనే కూర్చొని తనతో ప్రయాణం చేసింది.

నవ్వు రాలేదు. ఇంజను మూత మీది నుంచి ముత్తక్క లేచింది.

“జరుగు కొడకా, జరుగు, నన్ను ముందు దిగనియ్యి.” చీపురుకట్టలు గోప్యా చేతుల్లో పడేసింది. “పదేండ్ల సంది ఈ బండిల పానం బిగబట్టుకొని వస్తున్న. నీ బండెక్కే దినం మా వాడల ఆడోళ్లం పొద్దుగాల గుక్కెడు నీళ్లు తాగం.”

“ఒక్కనాడన్నా చెప్పకపోతివి అవ్వా!”

“ఎట్ల జెప్పుదు? డ్రైవరు దిగడు, గట్టోడు, మనమెట్ల అడుగుతమని. నువ్వు రాయివైతివి, మేం గూడ రాళ్లమైతిమి.”

ఆ వెనుక ఒక బాలింత లేచింది, బిడ్డను పక్కామె ఒడిలో పెట్టి. ఆ వెనుక ఇద్దరు, ఆ వెనుక నలుగురు. పంతులుగారు కూడా కళ్లజోడు సర్దుకొని, ఎవరి వైపూ చూడకుండా లేచారు. “ఆడోళ్లు కుడి దిక్కు, మొగోళ్లు ఎడమ దిక్కు!” అని గోప్యా, చంకలో చీపుర్లతో, స్టేజీ పేరు పిలిచినంత గట్టిగా కేకవేశాడు. అప్పుడు నవ్వారు అందరూ, ఎవరినీ గుచ్చని నవ్వు.

బసవపున్నయ్య టేకుచెట్టు చాటుకు పోయి వచ్చాడు. వాగులో చేతులు కడుక్కొని, మొగం తడుపుకొని, సీటెక్కి కూర్చున్నాడు. తన వెనుక ఇన్నేళ్లూ యాభైమంది పెదవి బిగించి కూర్చున్నారన్న సంగతి అతనికి మెల్లగా, తడి ఎక్కినట్లు ఎక్కింది. అద్దంలో వెనుక సీట్లను రోజుకు వందసార్లు చూసినవాడు, వాళ్ల ముఖాలను చూడలేదు.

కుడి పొదల వైపు నుంచి ఆడవాళ్ల మాటలు, గాజుల చప్పుడు వినిపిస్తున్నాయి. తన కిటికీ బయటి అద్దం అటే తిరిగి ఉన్నది. చేయి చాచి దానిని పైకి తిప్పాడు. అద్దం నిండా మబ్బు, మబ్బు అంచున ఒక టేకు ఆకు.

లోపల అదురు పోయిందా? పోలేదు. ఒక్కరోజులో పోయేది కాదది. మరి రెండు నెలలకు గాని తగ్గలేదు. జులై పరీక్షలో డిపో డాక్టరు అడగకముందే అతను చెప్పాడు, ఆయన రాసుకొని, స్టీరింగు అతనికే ఉంచాడు. కాని ఆ ఉదయం, వాగు దగ్గర, అదురు ఉన్నచోట ఉండగానే దానికి భయపడడం మానేశాడు. కొట్టుకుంటున్నదంటే, పాపం, ఏదో అడుగుతున్నదన్న మాట.

“అయిపోయిందా అన్నా? పోనిద్దమా?” గోప్యా అడిగాడు.

“ఎవరన్నా ఉన్నరేమో చూడు.”

“ముత్తక్క వాగుకాడ కాళ్లు కడుగుతున్నది.”

“కడగనియ్యి,” అన్నాడు బసవపున్నయ్య. తాళంచెవి తిప్పకుండా, అద్దంలోని మబ్బు ఆ ఆకును దాటి పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.